అయ్యగారి చేతిలో జాయ్‌స్టిక్

ఆ కాలంలో బోయిగూడలోని మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా, అయ్యగారు వచ్చి దానిమీద చెయ్యి వేసి ప్రార్థన చేసేదాకా అది మాది కాదు. ఫ్యాను కొన్నా అంతే, కుక్కరు కొన్నా అంతే, నాన్న స్కూటరు కొన్నా అంతే. (అయ్యగారంటే మా సంఘం పాస్టరుగారు. ఆయన భార్యని అమ్మగారు అనేవాళ్ళం.) ఇప్పుడు గుమ్మంలో పార్శిల్ అందుకుని చెప్పులు విప్పకముందే అట్టపెట్టె చింపేస్తున్నాం గానీ, అప్పట్లో మేం కొత్త కుక్కరుని అలమార మీద కూర్చోబెట్టి, దాన్ని చూస్తూ శనివారం దాకా పాత గిన్నెలోనే అన్నం వార్చుకున్నాం. అందులో మాకేమీ వింతగా తోచలేదు. ఎదురుచూడటం కూడా ఆ వస్తువుతోపాటు పెట్టెలో వచ్చేదే అనుకునేవాళ్ళం.

అయ్యగారిది భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. ఆయనకో పద్ధతి ఉండేది. ఏ వస్తువు దగ్గరికి వచ్చినా ముందు దాని పిడి ఎక్కడుందో వెతికేవారు. ఫ్రిజ్జయితే తలుపు పిడి, కుట్టుమిషనయితే చక్రం పిడి, స్కూటరయితే హ్యాండిల్. దాన్ని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నారంటే ఇక నోటితోపాటు చెయ్యి కూడా ప్రార్థన చేసేది. 'తండ్రీ' అంటే ముందుకి తోసేది, 'అపవాది' (అంటే సాతాను) అన్నప్పుడు వెనక్కి లాగేది, మధ్యమధ్యలో వణికేది. మా స్కూటరు ఆ ప్రార్థన తర్వాత ఎప్పుడూ కొంచెం ఎడమకి లాగుతుండేది. మెకానిక్కి చూపిస్తానని నాన్న అంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. "ప్రార్థన చేసిన బండికి రిపేరేంటిరా" అంది. నాన్న ఆ స్కూటరు అమ్మేదాకా కుడికి ఒరిగే నడిపారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మామయ్య గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి, మాకు ఒక కంప్యూటరు తెచ్చాడు. ఇప్పటివాళ్ళు ఊహించుకునే కంప్యూటరు కాదది. ఒక మందపాటి కీబోర్డు, అంతే. మిగతాదంతా దాని కడుపులోనే ఉండేది. టీవీకి తగిలిస్తే బొమ్మ కనపడుతుంది, టేపురికార్డరుకి తగిలిస్తే ప్రోగ్రాం ఎక్కుతుంది. ప్రోగ్రాం అనేది అచ్చం పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్‌లో ఉంటుంది. ప్లే నొక్కగానే కీచుమని పిల్లి తోక తొక్కినట్టు అరుస్తుంది, టీవీలో రంగురంగుల చారలు పరుగులు తీస్తాయి, మనం ఒక కప్పు టీ తాగేలోపు బొమ్మ వస్తుంది. దాని ప్లగ్గు మన గోడకి పట్టకపోతే నాన్న రెజిమెంటల్ బజార్లో అంగడి అంగడీ తిరిగి, దాన్ని ఇరికించే ఇంకో ప్లగ్గు సంపాదించుకొచ్చారు.

దానితోపాటు వచ్చింది జాయ్‌స్టిక్. నల్లటి దిమ్మ, దానిమీద నిలబడ్డ కర్ర, కర్ర నెత్తిమీద ఎర్ర మీట. దిమ్మ అడుగున రబ్బరు గిన్నెలుండేవి. వాటిని తడిచేసి బల్లమీద నొక్కితే అతుక్కుపోయి కదిలేవి కావు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసేదాకా ఆగమని నాయనమ్మ అంటున్నా వినకుండా మామయ్య దాన్ని మా టీపాయి మీద అతికించి, "ఇగ భూకంపం వచ్చినా ఊడదే" అని నవ్వాడు. (ఊరు గుంటూరయినా గల్ఫ్‌లో హైదరాబాదీల గదిలో ఉండి 'ఇగ' నేర్చుకొచ్చాడు.) ఒకటే క్యాసెట్ ఇచ్చాడు. ఒకవైపు ఎక్కాలు నేర్పే ప్రోగ్రాం, రెండోవైపు విమానం ఆట. ఆకాశం నుంచి బండరాళ్ళు పడుతుంటాయి, కింద మన విమానం వాటిని తప్పించుకుంటూ, మీట నొక్కి పేలుస్తూ పోవాలి. అంతే ఆట. అంతకుమించి ఈ లోకంలో ఏం కావాలి?

నాకెందుకంత పిచ్చి పట్టిందో చెప్పాలి. ఇంట్లో నా మాట వినేది ఒక్కటీ ఉండేది కాదు. తమ్ముడు సరేసరి, ఆఖరికి నా జడ కూడా వినేది కాదు. బళ్ళో త్రోబాల్ ఆడేటప్పుడు జట్లు పంచుకోవటం అయిపోయాక, "ఇది ఎవరికి?" అని నన్ను చూపించి అడిగేవాళ్ళు. అలాంటిదాన్ని నేను ఆ కర్ర పట్టుకుని కుడికి వంచితే విమానం కుడికి పోయింది, ఎడమకి వంచితే ఎడమకి పోయింది. మారు మాట్లాడలేదు. మామయ్య గుంటూరు వెళ్ళి తిరిగొచ్చేలోపు నేను ఆయన్ని మించిపోవాలనుకున్నాను.

మరునాడే నాన్న బడి నుంచి తొందరగా వచ్చేశారు. నాన్న లెక్కల మాస్టారు. గుమ్మంలో నిలబడి టీవీ వంక, నా వంక చూసి, "ఇవేనా ఎక్కాలు?" అన్నారు.

"ఇది రెండోవైపు నాన్నా," అన్నాడు తమ్ముడు. (వాడికి అడక్కుండా నిజం చెప్పే రోగం చిన్నప్పట్నించీ ఉంది.)

"కీబోర్డు ఉండొచ్చు. టైపు నేర్చుకుంటే ఎక్కడైనా బతకొచ్చు. ఈ కర్ర దేనికి? చదువు దగ్గర కర్ర మాస్టారి చేతిలో ఉండాలి గానీ పిల్లల చేతిలో కాదు," అని నాన్న జాయ్‌స్టిక్ పట్టుకుని ఒక్క లాగు లాగారు. అది ఊడలేదు. టీపాయి లేచింది. టీపాయి మీదున్న టీ గ్లాసు లేవకుండా కింద పడింది. నాన్న టీపాయితో సహా గదిలో అటూ ఇటూ తిరిగారు. "ఒరేయ్, నడుం పట్టేస్తుంది, దించరా" అని నాయనమ్మ వెంట తిరిగింది. చివరికి నాన్న టీపాయిని యథాస్థానంలో పెట్టి, చొక్కా సర్దుకుని తీర్పు చెప్పారు. "శనివారం అయ్యగారు వస్తున్నారు. ఈ కర్ర సంగతి ఆయన్నే అడుగుతా. ఆయన వద్దంటే ఇది మీ మామయ్య పెట్టెలో మళ్ళీ గల్ఫ్ వెళ్ళిపోతుంది. అందాకా ఎవరూ ముట్టుకోవటానికి వీల్లేదు."

అంటే నా బతుకంతా శనివారం సాయంత్రం అయ్యగారి నోట్లో ఉందన్నమాట. పోయిన క్రిస్మస్‌కి చదరంగం బల్ల చూసే, "ఇవన్నీ దేనికి బిడ్డా" అని నిట్టూర్చిన మనిషి ఆయన. అందుకే నేనూ తమ్ముడూ ఆలోచించి ఒక ఉపాయం పన్నాం. కర్ర ఊడదు కాబట్టి దానిమీద అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పేయాలి, పైన ప్లాస్టిక్ గులాబీ గుచ్చాలి. టీవీలో ఎక్కాలు పెట్టాలి. అయ్యగారు ఎక్కాలు చూసి మురిసిపోయి, కీబోర్డు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, ఉప్మా తిని వెళ్ళిపోతారు. నాన్న కర్ర మాట ఎత్తేలోపు ఎవరైనా ఏడవాలి. ఏడ్చే పని తమ్ముడికి అప్పగించాను.

శనివారం అంతా అనుకున్నట్టే మొదలైంది. ఎక్కాల వైపు పైకుండేలా క్యాసెట్ టేపురికార్డర్లో నేనే పెట్టి, మొహం కడుక్కోవటానికి వెళ్ళాను. ఆ టేపురికార్డరు అసలు నాయనమ్మది, ఆమె భక్తిపాటలు వినేది. ఆమెకో నమ్మకం ఉండేది. ఒకవైపే పాడిస్తే టేపు అరిగిపోతుందని, అందులో ఏ క్యాసెట్ కనపడినా తీసి, నోటితో ఊది, రెండోవైపు తిప్పి పెట్టేది. ఎవరిదో, ఏమిటో చూసేది కాదు. ఆ రోజూ తన ధర్మం తను చేసింది. తమ్ముడొచ్చి ప్లే నొక్కాడు.

అయ్యగారూ అమ్మగారూ వచ్చేసరికి టీవీలో చారలు పరుగెడుతున్నాయి. "ఏందీ, ఇదేనా కంపూటరు?" అన్నారు అయ్యగారు. ఆయన మాటలు వేరు, ప్రార్థన వేరు. మాటలు మెదక్‌వి, ప్రార్థన అచ్చు పుస్తకంది. కీచు శబ్దం భరించలేక నాన్న టీవీ సౌండు పూర్తిగా తగ్గించేశారు. అందరం టీపాయి చుట్టూ నిలబడ్డాం. అమ్మా, నాయనమ్మా, అమ్మగారూ కొంగులు తలమీద కప్పుకున్నారు. నేను చున్నీ కప్పుకున్నాను. అయ్యగారు కీబోర్డుని పైనుంచి కిందికి చూశారు. పిడి లేదు. అటు తడిమారు, ఇటు తడిమారు. లేదు. అప్పుడు ఆయన చూపు గులాబీ మీద పడింది. "ఓహో, ఇక్కడున్నదా" అని గులాబీ తీసి పక్కన పెట్టి, లేసు గుడ్డ ఎత్తి, జాయ్‌స్టిక్‌ని గుప్పిట్లో పట్టుకున్నారు. ఆయన బొటనవేలు ఎర్ర మీట మీదకి దానంతటదే వెళ్ళి కూర్చుంది. కళ్ళు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు.

నేను చున్నీ సందులోంచి టీవీ వైపు చూసి కొయ్యబారిపోయాను. తెరమీద ఎక్కాల్లేవు. విమానం ఉంది.

"ప్రేమగల తండ్రీ!" అన్నారు అయ్యగారు. బొటనవేలు నొక్కుకుంది. ఆట మొదలైంది.

మొదటి బండరాయి సరిగ్గా విమానం నెత్తిమీదకి వస్తోంది. "కుడిపక్క ఇంటివారిని జ్ఞాపకము చేసికొనుము" అన్నారు. చెయ్యి కుడికి పోయింది, విమానం కుడికి పోయింది, రాయి పక్కనుంచి జారిపోయింది. "ఎడమపక్క ఇంటివారు నిన్ను ఎరుగరు ప్రభువా, వారిని కూడ" అన్నారు. విమానం ఎడమకి పోయింది. 'ప్రభువా' అన్నప్పుడల్లా మీట నొక్కుకుని ఒక రాయి పేలిపోతోంది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి "స్తోత్రం!" అని వచ్చేసింది. ఇంకో రాయి తప్పింది. "స్తోత్రం!" అన్నాడు తమ్ముడు. అంటే వాడి కళ్ళూ తెరిచే ఉన్నాయన్నమాట.

మా ఇద్దరి నోటా ప్రార్థనలో చప్పుడు రావటం అంతకుముందెన్నడూ ఎవరూ ఎరగరు. నాయనమ్మ కళ్ళు మూసుకునే కొంగుతో ఒత్తుకోవటం మొదలుపెట్టింది. పిల్లల్లో ఆత్మ మేల్కొన్నదనుకుని అయ్యగారికి హుషారు వచ్చింది. ప్రార్థన బోయిగూడ దాటి, స్టేషను దాటి, రైళ్ళలో వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ అందుకుంది. ఆ వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ తగ్గట్టు విమానం అటూ ఇటూ ఊగుతూ రాళ్ళ మధ్యలోంచి దూసుకుపోతోంది. ఆకాశం నీలం నుంచి ఎర్రగా మారింది. ఆ ఎరుపు దాకా మామయ్య కూడా ఎప్పుడూ రాలేదు. నా గుండె రెండు ముక్కలైపోయింది. ఆమెన్ అనేలోపు ఆ విమానం కూలిపోవాలి, లేకపోతే నాన్న కళ్ళు తెరిచి చూస్తారు, నా కర్ర గల్ఫ్ పోతుంది. కానీ అంత చక్కటి ఆట కూలిపోవాలని ఎలా కోరుకుంటాను?

సాయం కోసం చుట్టూ చూస్తే, కొంగు కింద ఇంకో జత కళ్ళు తెరుచుకుని టీవీని చూస్తున్నాయి. అమ్మగారివి. నన్ను చూసి ఆమె కోప్పడలేదు. గడ్డంతో టీవీ వైపు సైగ చేసి, అటు చూడు, పెద్దది వస్తోంది అన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

నిజంగానే పెద్దది వస్తోంది. తెరలో సగం ఉంది. అదే సమయానికి అయ్యగారు ప్రార్థనలో బేగంపేట విమానాశ్రయం చేరుకున్నారు. "ఈ కుటుంబపు బంధువు త్వరలో ఎక్కబోవు విమానమును ఏ ఆపదయు తాకకుండ..." అంటున్నారు. కర్ర కుడిమూలకి పోయి అక్కడే వణుకుతోంది. ఖాళీ ఉన్నది ఎడమవైపు. తమ్ముడు ఆగలేకపోయాడు. "అయ్యగారూ, ఎడమకి! ఎడమకి!" అని కేక పెట్టాడు.

అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. అయ్యగారివి కూడా. విమానం, బండరాయి, ఆ తర్వాత తెర నిండా మంట. అప్పుడు అమ్మగారు కొంగు సర్దుకుంటూ నెమ్మదిగా, "ఆమెన్" అన్నారు. ప్రార్థన ఎక్కడో ఒకచోట ముగియాలి కదా.

నాన్న మొహం సున్నం కొట్టినట్టయింది. "క్షమించండి అయ్యగారూ. నేను మిమ్మల్ని అడగాలనుకున్నది ఈ కర్ర గురించే. ఇది ఇంట్లో ఉండొచ్చా, వద్దా, మీరే చెప్పండి," అన్నారు. తమ్ముడు ఏడవటం మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

అయ్యగారు తన చెయ్యి చూసుకున్నారు, కర్ర వంక చూశారు. "గా విమానం నడిపింది నేనేనా?" అన్నారు.

"మీరే అయ్యగారూ. మా మామయ్యకన్నా చాలా దూరం పోయారు," అన్నాడు తమ్ముడు.

ఆయన గంభీరంగా ఉండటానికి ప్రయత్నించారు గానీ మీసం మాట వినలేదు. "జెర చూద్దాం" అని మళ్ళీ కర్ర పట్టుకుని, ఈసారి కళ్ళు బాగా తెరిచి మీట నొక్కారు. మొదటి రాయికే విమానం కూలిపోయింది. ఇంకోసారి నొక్కారు. మళ్ళీ మొదటి రాయికే. "కండ్లను నమ్ముకుంటే ఇంతే మాస్టారూ," అని లేచి నిలబడి చెప్పారు, "ప్రార్థన జేసిన వస్తువును ఇంట్లకెళ్ళి బయటికి పంపొద్దు. ఉండనీయుండ్రి."

నేను గెలిచాను. ఆ రాత్రి ఉప్మాలో జీడిపప్పు కూడా తమ్ముడికి ఇచ్చేశాను.

తెల్లారి లేచి చూస్తే టీపాయి ఖాళీగా ఉంది. నాన్న వల్ల కాని పని నాయనమ్మ అట్లకాడతో చేసేసింది. రబ్బరు గిన్నెల కిందికి దాన్ని పోనిచ్చి, ఒక్కొక్కటే లేపి, జాయ్‌స్టిక్‌ని ఊడదీసి, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి, అద్దాల అలమారలో పెద్ద బైబిలు పక్కన పెట్టి తాళం వేసింది. "అయ్యగారు అంతసేపు చెయ్యి వేసి ప్రార్థన చేసిన వస్తువే అది. మీకు ఆటకి ఇస్తానా?" అంది. గల్ఫ్ పోయుంటే కనీసం కంటికి కనపడేది కాదు. ఇప్పుడు అద్దంలోంచి రోజూ కనపడేది. బడికి వెళుతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసుకుని ఏడ్చేదాన్ని. మామయ్య వచ్చి, దాన్ని అలమారలో చూసి, ఇదేం మర్యాదో అర్థం కాక విమానం ఎక్కేశాడు.

అలా ఎంతకాలం ఉండేదో గానీ, ఒక మధ్యాహ్నం అమ్మగారు ఒక్కరే వచ్చారు. మంచినీళ్ళు తాగి, అలమార వంక చూసి, "ఏందమ్మా, గా కర్రను గిట్ల అల్మారాల పెట్టిన్రు?" అని నాయనమ్మని అడిగారు.

"అయ్యగారు ప్రార్థన చేసిన వస్తువు కదమ్మా. పిల్లలు ఆటలాడితే అపచారం కాదూ?"

"మీ కుట్టుమిషను మీద సుత ప్రార్థన జేసిండ్రు గదా. దాని మీద లంగాలు కుడ్తలేరా? కుక్కర్ల పప్పు వండుతలేరా?"

"అవి ఆ పనికి చేసినవే కదమ్మా."

"మరి ఇది ఆడనీకే చేసిండ్రు. చేసిన పనికి వాడకుంటే ఇగ ప్రార్థన దేనికమ్మా?"

నాయనమ్మ ఆలోచనలో పడింది. అంతవరకూ సంఘంలో వాదించి నాయనమ్మని ఆపినవాళ్ళు లేరు. అమ్మగారు ఇంకాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "జెర తియ్యుండ్రి. గా దినం చూసినకాన్నుంచి నా చెయ్యి ఊకుంటలేదు."

"చూశారా? మీరు ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదా?"

"అయ్యగారు ప్రార్థన జేసేటప్పుడు నేను సుత కండ్లు మూస్తే పొయ్యి మీది పాలు ఎవరు చూస్తరమ్మా? పెండ్లయినకాన్నుంచి తెరిచే ఉంచుతున్న."

నాయనమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసి, బొడ్లోంచి తాళంచెవి తీసింది.

ఆ మధ్యాహ్నం నాకు జాయ్‌స్టిక్ దక్కలేదు. అమ్మగారు టీపాయి ముందు చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, రాయి కుడినుంచి వస్తే మనిషంతా ఎడమకి ఒరిగిపోతూ, ఎడమనుంచి వస్తే కుడికి ఒరిగిపోతూ, కొంగు జారినా చూసుకోకుండా ఆడారు. "అయ్యో, ఇటు తిప్పలేకపోయారా" అని నాయనమ్మ కళ్ళజోడు తెచ్చుకుని పక్కన చేరింది. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి ఆ దృశ్యం చూసి, మా వైపు తిరిగి, "ఎక్కాలు అయ్యాయా?" అని లోపలికి వెళ్ళిపోయారు. అమ్మగారు లేచి వెళ్ళాక నేను కర్ర పట్టుకుంటే, పిడి ఇంకా వెచ్చగా ఉంది. ఆ తర్వాత ఆమె వారం వారం వచ్చేవారు. అయ్యగారికి మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పి అని చెప్పి వచ్చేవారట. అంత పెద్దావిడకి ఈ ఆటేమిటని నేనూ తమ్ముడూ వంటింట్లోకి పోయి నోరు మూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఈ మధ్య నేనూ అలాంటి కంప్యూటరు ఒకటి తెప్పించుకున్నాను. పాతదానికి అచ్చం నకలు, కాకపోతే అరచేతిలో పడుతుంది. జాయ్‌స్టిక్ మాత్రం పూర్తి సైజుది. బేగంపేటలో ఆఫీసు ముగించుకుని, మెట్రో దిగి ఇంటికొచ్చి, బ్యాగు కూడా తీయకుండా కూర్చున్నాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "అమ్మా, కదలాల్సింది విమానం కదా, నువ్వెందుకు ఒరుగుతున్నావ్?"

అప్పుడు లెక్క వేసుకుంటే, ఆ చాప మీద కూర్చున్న 'పెద్దావిడ'కి ఆనాడు నా ఈడే ఉంటుంది. ఇంకా ఒకట్రెండేళ్ళు తక్కువేనేమో. వీధిలో ఎటు నడిచినా అమ్మగారూ అని జనం లేచి నిలబడేవాళ్ళు, ఆమెకి మా టీపాయి దగ్గర తప్ప ఆడుకునే చోటు ఇంకెక్కడుంది? నవ్వుకున్నందుకు ఇప్పుడు నామీద నాకే నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. ఆ చెమ్మలో రాయి కనపడక విమానం కూలిపోయింది.

"ఇటివ్వు, ఇక నా వంతు," అని మా అమ్మాయి చెయ్యి చాపింది. నేనివ్వలేదు.